ఏడో ట్రాకులో కేక

మకియెసే ఎడమ చేత్తో డ్రమ్ముల మీటని వెంట్రుకవాసి కిందకి దించాడు. కుడి చేత్తో బేసు గిటారుని అంతే పైకి తోశాడు. విన్నాడు. నచ్చలేదు. మళ్ళీ దించాడు. ఎనిమిది ట్రాకుల్లో విడివిడిగా పడున్న పాటని ఎడమ చెవికొకటి, కుడి చెవికొకటి, రెండింట్లోకి కలిపి పొయ్యడం అతని పని. ఆ డిజిటల్ రికార్డరు మీదకి నడుం వంచి కూర్చున్నాడంటే పొదుగుతున్న కోడిపెట్టే అనుకోండి.

మకియెసే అంటే మా వైపు సంతోషం అని అర్థం. ఆ పేరు పెట్టినవాళ్ళెవరో గానీ మహా కొంటెవాళ్ళు. బల్లి అరిస్తే భయం, ఫోను మోగితే భయం, మోగకపోతే ఇంకా భయం. మెడ ఎప్పుడూ తాబేలులాగా భుజాల్లోకి పోయి ఉంటుంది. మా కిన్షాసాలో అరవకుండా ఉప్పు కూడా అడగరు. అలాంటి ఊళ్ళో గొంతు పెంచకుండా జుట్టు నెరిసిపోయింది మనవాడికి. పెళ్ళాం కూడా, "ఈయన ఇంట్లో ఉన్నాడో లేడో చెయ్యిపెట్టి చూడాలి" అని వెళ్ళిపోయింది పాపం.

మా పాటల్లో ఒక తమాషా ఉంది. గిటార్లు పరుగందుకుని జనం నడుములు ఊపే చోట, కేకలవాడొకడు పెద్దమనుషుల పేర్లు అరుస్తాడు. దాన్ని రాయి వెయ్యడం అంటాం. ఈ పాటలో పడాల్సిన రాయి కల్నల్ మొసేకా. ఆ సాయంత్రం ఆయన కూతురి పెళ్ళి. పోయిన ఏడు ఒక పాటలో ఆయన పేరు ఇంకొకడి పేరు తర్వాత వచ్చిందని ఆ గిటారువాణ్ణి జీపులో తీసుకెళ్ళారు. మర్నాడు గిటారు ఇంటికొచ్చింది. అతను రాలేదు.

అందుకే పొద్దుటినుంచీ మకియెసే చొక్కా వీపుకి అతుక్కుపోయి ఉంది.

మీటలన్నీ కుదిరాయి. ఎర్ర బొత్తాం నొక్కి పాట వదిలాడు. గొంతు వచ్చింది, గిటార్లు వచ్చాయి, పరుగందుకున్నాయి. కేకలు రాలేదు. కేకలవాడు కిటోకో అరవాల్సిన చోట ఒట్టి గిటార్లు.

ఏ ట్రాకు మీద ఎర్ర దీపం వెలిగితే అందులో పాతది చెరిగి కొత్తది ఎక్కుతుంది. ఆ దీపాలకేసి చూశాడు. అసలు ట్రాకుల జోలికి పోకుండా పక్కన జంట ట్రాకు మీద వెలగాల్సిన దీపం ఏడు, ఎనిమిది మీద వెలుగుతోంది. పాత మిషనులో ఆరింటిని కలిపి ఆ రెండింట్లోకే పోసేవాళ్ళు. ఈ కొత్తది వచ్చి ఏడాదైనా వేళ్ళకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. ఎనిమిది ఖాళీదే. ఏడులో కిటోకో ఉన్నాడు. ఇప్పుడు లేడు.

చెరిగినదాన్ని వెనక్కి తెచ్చే బొత్తాం ఒకటుంది. వేలు దాని మీద పెట్టబోయాడు.

కరెంటు పోయింది.

కింద బీరుకొట్టు నడిపే బొలుంబక్కదే ఆ స్టూడియో కూడా. ఆవిడ జనరేటరు వేసేసరికి మిషను బుద్ధిగా లేచి కూర్చుంది. వెనక్కి తేవాల్సింది మాత్రం మర్చిపోయింది.

"అక్కా, కిటోకోకి ఫోను చెయ్యి," అన్నాడు మకియెసే. గొంతు దోమంత.

"వాడు పొద్దున్నే మతాదీ ఊరెళ్ళే లారీ ఎక్కాడు. ఫోను ఆపేసి ఉంది. ఏం, వాడిమీద గాలి మళ్ళిందా?"

చెప్పాడు. బొలుంబక్క చేతిలో సీసా బల్ల మీద పెట్టింది. నవ్వలేదు. ఆవిడ నవ్వకపోవడం మకియెసే అంతకుముందు చూళ్ళేదు.

"డిస్కు కోసం కల్నల్ గారి లెఫ్టినెంటు వచ్చేస్తాడు రోయ్. నువ్వే అరువు."

"నేనా?"

"మరి నన్నరవమంటావా? ఆడగొంతేంట్రా అని నన్ను కూడా జీపెక్కిస్తారు. పో లోపలికి!"

పరుపులు గోడలకి కట్టిన చీకటిగది అది. మకియెసే మైకు ముందు నిలబడ్డాడు. ఈసారి ఏడు మీద దీపం కావాలనే వెలిగించాడు. గిటార్లు పరుగందుకున్నాయి. "కల్నల్ మొసేకా," అన్నాడు. ఆస్పత్రిలో చీటీ కోసం పేరు చెప్పినట్టుంది. మళ్ళీ అన్నాడు. ఎలక పిల్ల. ఇంకోసారి నోరు తెరిచాడు, గాలి తప్ప ఏమీ రాలేదు.

తలుపు బయట చెవి ఒగ్గి వింటున్న బొలుంబక్కకి అప్పుడు తట్టింది. సరిగ్గా గిటార్లు ఎగిరే చోట, రెండు పిడికిళ్ళతో తలుపు బాదింది.

"మకియెసే! కల్నల్ వచ్చాడ్రా! మెట్లెక్కుతున్నాడు!"

"కల్నల్ మొసేకాఆఆ! అయ్యా! మా తండ్రీ! నదిని మింగిన మొసలీ!"

పరుపుల్లోంచి దుమ్ము రాలింది. బయటికొచ్చేసరికి బొలుంబక్క కడుపు పట్టుకుని నేలమీద కూర్చుని ఉంది.

"మెట్లమీద ఎవరూ లేరు రా, నా బంగారు తాబేలూ! మిషను పట్టింది చూడు, పట్టింది!"

పట్టింది. దీపాలు నాలుగుసార్లు చూసుకుని, ఊపిరి బిగబట్టి రెండింట్లోకీ కలిపాడు. తన గొంతు వచ్చే చోట చెయ్యి అలవాటుగా మీటని కిందకి లాగబోయింది. కల్నల్ పేరు గుర్తొచ్చి పైకి తోశాడు. తన గొంతుని తను పైకి తొయ్యడం అదే మొదలు.

లెఫ్టినెంటు బోపే వచ్చాడు, కుర్చీలో కాళ్ళు చాపి విన్నాడు. పేరు దగ్గర లేచి నిలబడ్డాడు. మకియెసే గోడకి అతుక్కున్నాడు.

"ఇది కిటోకో గొంతు కాదు."

లెఫ్టినెంటు ఇద్దరి వైపూ చూశాడు.

"ఎవడిది?"

బొలుంబక్క కళ్ళు మకియెసే వైపు తిరిగాయి. లెఫ్టినెంటు అతన్ని కింద నుంచి పైదాకా చూశాడు.

"నీదా? నీ ఒంట్లో అంత సింహం ఎక్కడ దాచావురా? రాత్రి పందిట్లో కల్నల్ గారి ఎదురుగా ఇలాగే అరవాలి. ఏమాత్రం తేడా వచ్చినా బాగోదు. సాయంత్రం జీపు పంపుతా." డిస్కు జేబులో వేసుకుని దిగిపోయాడు.

మకియెసే అక్కడే కూర్చుండిపోయాడు. బొలుంబక్క పొందుకూర, ఆకులో చుట్టిన చిక్వాంగా ముద్ద తెచ్చి ముందు పెట్టినా ఆకు విప్పలేదు.

"అక్కా, అది నేను అరవలేదు. భయం అరిచింది."

"అయితే రాత్రికి భయం తక్కువవుతుందా ఏంటి? ఎదురుగా కల్నలే ఉంటాడు కదరా!"

"ఎక్కువైతే అసలు గొంతే రాదు. పొద్దున చూశావు కదా."

"తిను ముందు," అని ఆవిడ కిందకి దిగింది.

పొద్దువాలుతుండగా బొలుంబక్కకి చెయ్యి దురద పెట్టింది. మనిషిని కాస్త నవ్విద్దాం అనుకుంది. మెట్లెక్కి, రెండు పిడికిళ్ళతో తలుపు బాదింది.

"మకియెసే! జీపొచ్చిందిరోయ్!"

లోపల కుర్చీ కాలు గీరిన చప్పుడైంది, అంతే. నవ్వుకుంటూ దిగిపోయింది.

చీకటి పడుతుంటే లెఫ్టినెంటు నిజంగానే వచ్చాడు. జీపు దిగలేదు. "మీవాణ్ణి రావద్దని చెప్పు. డిస్కు విని కల్నల్ గారు మురిసిపోయారు, అదే వేస్తే చాలన్నారు," అని హారను కొట్టుకుంటూ పోయాడు.

బొలుంబక్క ఈసారి మెట్లు రెండేసి ఎక్కింది. "ఒరేయ్, బతికిపోయావురా!"

గదిలో మిషను వెలుగుతోంది. వెనక మెట్ల వైపు తలుపు తెరిచి ఉంది. రేవు దగ్గర చేపలమ్మే ఆవిడ చూసిందట, నది దాటి అవతలి దేశం, బ్రాజవిల్ వెళ్ళే ఆఖరి పడవలోకి సన్నటి మనిషొకడు తలొంచుకుని ఎక్కడం. ఆ ఒడ్డునుంచి చూస్తే మా ఊరి దీపాలు కనిపిస్తాయంటారు గానీ, ఆ తర్వాత మకియెసేని చూసినవాళ్ళు లేరు.

ఆ రాత్రి పెళ్ళి పందిట్లో స్పీకర్లు ఆ పేరు అరిచినప్పుడల్లా పేటంతా ఉలిక్కిపడి, ఎవడీ మొనగాడు అని అడిగింది.

స్టూడియో గుమ్మం పక్కన గోడవార మకియెసే గోధుమరంగు బూట్లు జతగా ఉన్నాయి. కొసలు వీధివైపుకి తిప్పి, పొద్దున్నే పాలిష్ పట్టి, మేజోళ్ళు ఉండ చుట్టి ఒకదాంట్లో పెట్టి.