ఉత్తుత్తి సర్వర్

పొద్దున్నే ల్యాప్‌టాపు, మైకు, చుట్టలు చుట్టలుగా వైర్లు మంచం పక్కన పరిచేసింది కూతురు. పక్షవాతం వచ్చినప్పటినుంచి నాన్నకు నాలుక తిరగడం లేదు. దగ్గర కూర్చుని చెవి ఒగ్గితేగానీ ఆయన మాట తెలియదు. ఇక వంటింట్లో ఉన్నవాళ్ళకేం తెలుస్తుంది? రెండుసార్లు అడిగి ఊరుకుంటాడు, మూడోసారి అడగడు. మహా పౌరుషం మనిషి! దాహంతోనే పడుకుంటాడు. అందుకే కూతురు పంతం పట్టింది. మాటలు గుర్తుపట్టే సర్వీసును వంటింటి బల్బుతో కలిపితే, ఆయన "నీళ్ళు" అనగానే అక్కడ బల్బు వెలగాలి.

ముందు అంతా తన ల్యాప్‌టాప్‌లోనే సరిచూసుకోవాలి కదా. అసలు సర్వీసు బదులు ఒక ఉత్తుత్తి సర్వర్ రాసి పెట్టుకుంది. దానికి ఏం పంపినా "అర్థమైంది" అనే అంటుంది. బల్బుదాకా దారి బాగుందో లేదో చూడ్డానికి అది చాలు. చూసింది, వెలిగింది. ఆ సంబరంలో అసలు సర్వీసుకు సెట్టింగు మార్చకుండానే మైకు నాన్న చేతిలో పెట్టేసింది. ఇంత చదువూ చదివి చేసే పనేనా అది!

నాన్న "నీళ్ళు" అన్నాడు. "అర్థమైంది," అంది ల్యాప్‌టాపు. బల్బు వెలిగింది. కూతురు నవ్వుతూ ఇల్లెగిరిపోయేలా కేకేసింది. నాన్న ఇంకో రెండుసార్లు నోరు తెరిచాడు, రెండుసార్లూ వెలిగింది. ఆయన కూతురి ముఖంలోకి చూసి నవ్వాడు.

మధ్యాహ్నం సర్వీసుకు ఎన్ని మాటలు వెళ్ళాయో లెక్క చూస్తే దొరికింది తప్పు. ఒక్క మాట కూడా అసలు సర్వీసుదాకా వెళ్ళలేదు! ఏ ముఖం పెట్టుకుని చెప్పాలి? చెప్పకపోతే రేపు ఆయన "నొప్పి" అన్నా నీళ్ళే వస్తాయి.

"నాన్నా, పొరపాటైంది. అది నీ మాట వినలేదు. ఏమన్నా అర్థమైందనే అంటుంది," అని తల దించుకుంది.

"తె...లుసు," అన్నాడాయన.

నలభై ఏళ్ళు త్రాసులు బాగుచేసిన మనిషి. ఖాళీ పళ్ళెంతో ముల్లు చూడందే ఏ త్రాసునీ నమ్మలేదు. పొద్దున చివరి రెండుసార్లూ ఆయన ఊరికే నోరు తెరిచి మూశాడు, మాటే అనలేదు.

"మరి చెప్పలేదేం?"

"నవ్...వావు. చాలా... రోజులకి."

ఆమెకు ఏడుపు తన్నుకొచ్చింది. ముక్కు ఎగబీల్చి సెట్టింగు మార్చింది. ఈసారి అసలు సర్వీసు మొహమాటం లేకుండా "అర్థం కాలేదు" అనేసింది. ఇక దానికి ఆయన గొంతు అలవాటు చేయాల్సిందే. ఒక్కో మాటా ఇరవైసార్లు రికార్డు చేశారు. నాన్న దాన్ని "నీ దుంపతెగ" అని తిట్టబోతే అదీ సగంలో చిక్కుకుంది. ఇద్దరూ పడీపడీ నవ్వారు.

సాయంత్రానికి ఆయన "నీళ్ళు" అంటే తెరమీద "నీళ్ళు" అనే పడింది. వంటింట్లో బల్బు వెలిగింది. ఆమె పరుగున వెళ్ళి గ్లాసు నిండా తెచ్చింది.

నాన్న అందుకోలేదు. బాగున్న చేత్తో గ్లాసును ఆమె వైపే తోశాడు.

"నీకే," అన్నాడు. "పొద్దున్నించీ... నువ్వు తాగలేదు."