కీ ఇవ్వని వాచీ

టీమ్ లీడరు మౌస్ ఎత్తి చూశాడు. కింద వాచీ ఉంది.

గదిలో ఉన్న నలభైమందిలో ఒక్కరూ తలెత్తలేదు. టైపు చప్పుడు మాత్రం ఇంకాస్త పెరిగింది. పక్కవాళ్ళ తప్పు దొరికినప్పుడు మనుషులు ఎంత ఒళ్ళు వంచి పనిచేస్తారో చూడాలంటే సరిగ్గా ఆ నిమిషంలోనే చూడాలి.

బాత్రూమ్ నుంచి తడిచేతులు తుడుచుకుంటూ వచ్చిన పిల్ల, తన సీటు దగ్గర లీడరు నిలబడి ఉండడం చూసి ఆగిపోయింది. ఏడో నెల కడుపు. ఆ గదిలో అందరికంటే చిన్నది కాబట్టి చిన్ని అని పిలుస్తారు.

"ఇదేంటమ్మా?" అన్నాడు లీడరు.

చిన్ని చేతులు వెనక్కి పెట్టుకుంది.

"మౌస్‌ని దీని మీద పెట్టి తిరగడానికి పోతున్నావన్నమాట. ఎవరిది ఈ వాచీ?"

"నాదే సార్."

రెండు సీట్ల అవతల పెద్దక్క వేళ్ళు ఆగకుండా కీబోర్డు మీద ఆడుతూనే ఉన్నాయి. ఏ అంకె కొడుతోందో మాత్రం ఆమెకు తెలియదు. ఆ వాచీ పెద్దక్కది.

ఆసుపత్రి బిల్లులు చూసి అందులోని అంకెలు కంప్యూటర్‌లోకి ఎక్కించడం వాళ్ళ పని. ఐదు నిమిషాలు ఎవరూ ముట్టుకోకపోతే తెర నల్లబడి పడుకుంటుంది. తెర పడుకుంటే మనిషి సీట్లో లేనట్టే లెక్క. రోజులో మూడుసార్లు పడుకుందా, సగం రోజు జీతం కోత. బాత్రూమ్ ఏమో మెట్లు దిగి, ఆవరణ దాటి, వెనక బిల్డింగులో ఉంది. మగవాళ్ళు పరుగెత్తుకుంటూ వెళ్ళి వచ్చేవాళ్ళు. ఆడవాళ్ళు మంచినీళ్ళు తాగడం తగ్గించేశారు. మరి కడుపుతో ఉన్న మనిషి ఏం చేస్తుందని ఏ పెద్దమనిషీ ఆలోచించలేదు. ముందు కూర్చున్న మనిషి మేలుకుని ఉందా, కళ్ళు తిరిగి పడిపోయిందా అన్నది కంపెనీకి అక్కర్లేదు. తెర మేలుకుని ఉంటే చాలు.

ఉపాయం చెప్పింది పెద్దక్కే. సెకన్ల ముల్లున్న వాచీ మీద మౌస్ పెడితే, ముల్లు కదిలినప్పుడల్లా తనని ఎవరో కదుపుతున్నారనుకుంటుంది అది. "మా ఆయన లారీ తోలే రోజుల్లో కొనుక్కున్న వాచీ. ఆయనకి నడుం పడిపోయాక ఆయనా, వాచీ ఇద్దరూ మూల కూర్చున్నారు. ఒక్కదానికైనా ఉద్యోగం దొరికింది" అని ఆరోజు చిన్నిని కడుపు పట్టుకునేలా నవ్వించింది కూడా.

రోజూ పొద్దున ఇంట్లో దానికి కీ ఇచ్చి తెచ్చేది. గేటు దగ్గర చిన్ని చేతిలో పెట్టేది, సాయంత్రం తిరిగి తీసుకునేది. ఈ పొద్దున అన్నం ఉడుకుతుండగా గ్యాస్ అయిపోయింది. పక్కింటివాళ్ళ పొయ్యి మీద వంట కానిచ్చి, ఆయనకి ఇంత పెట్టి, ఆదరాబాదరాగా వచ్చింది. కీ సంగతి మరిచిపోయింది. చిన్నికి ఆ వాచీకి కీ ఇవ్వాలన్న సంగతే తెలియదు. పుట్టి బుద్ధెరిగాక బ్యాటరీ వాచీలే చూసిన పిల్ల. పెద్దక్క చెప్పనూ లేదు. చిన్ని బాత్రూమ్‌కి వెళ్ళినప్పుడు ముల్లు ఆగిపోయింది, తెర పడుకుంది, లీడరు వచ్చి మౌస్ ఎత్తాడు.

లీడరు వాచీ జేబులో వేసుకుని, రేపటి నుంచి రానక్కర్లేదన్నాడు. ఇంకొక్క నెల గడిస్తే చిన్నికి కాన్పు కోసం జీతంతో సెలవు వచ్చేది. ఆ పిల్ల సంచీ సర్దుకుని, పెద్దక్క వైపు చూడకుండా తలుపు దాటింది. చూస్తే వాచీ ఎవరిదో ఎక్కడ బయటపడుతుందోనని చూడలేదని పెద్దక్కకి తెలుసు. తెలిసి కూడా, హమ్మయ్య అనుకుంది. అలా అనుకున్నందుకు సాయంత్రం దాకా తనని తాను క్షమించుకోలేకపోయింది.

పని దిగి నేరుగా చిన్ని ఇంటికి వెళ్ళింది. మేడ మీద ఒంటిగది. రంగులు వేసే పనికెళ్ళిన మొగుడు ఇంకా రాలేదు. వాచిన పాదాలు వేణ్ణీళ్ళ బకెట్లో పెట్టుకుని మంచం అంచున కూర్చుని ఉంది పిల్ల.

"రా అక్కా. కుర్చీలో బట్టలు పక్కకి నెట్టి కూర్చో."

పెద్దక్క నిలబడే ఉంది.

"నా పేరెందుకు చెప్పలేదే?"

"చెప్తే నీదీ ఊడేది. ఇద్దరం ఇంట్లో కూర్చుని ఏం చేస్తాం, ఒకళ్ళ తలలో ఒకళ్ళం పేలు చూసుకుంటామా?" అని నవ్వింది చిన్ని. అంతలోనే నవ్వు ఆపేసి తల దించుకుంది. "అక్కా, నువ్వు తిట్టనంటే ఒక మాట చెప్తా. వాచీ నా దగ్గరే పాడైపోయింది. ఎప్పుడూ తడిచేత్తో పట్టుకుంటాగా, లోపలికి నీళ్ళు పోయుంటాయి. బావగారు ఇష్టంగా కొనుక్కున్నది. కాన్పు అవనీ, నేనే బాగుచేయించి ఇస్తా."

చెప్పాల్సింది అప్పుడే. పాడవలేదే, కీ ఇవ్వడం నేనే మరిచిపోయాను అంటే అయిపోయేది. పెద్దక్క కుర్చీలో బట్టలు మడతపెట్టడం మొదలుపెట్టింది.

"దాందేముందిలే, పాత వాచీ" అంది.

మెట్లు దిగుతుంటే ఆమెకి సిగ్గుతో కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఉద్యోగం పోగొట్టుకున్న పిల్ల చేత క్షమాపణ చెప్పించుకుని మరీ వచ్చింది తను.

మర్నాడు పొద్దున లీడరు గది మధ్యలో నిలబడి ఉపన్యాసం మొదలుపెట్టాడు. కొత్తగా చేరినవాళ్ళు గోడవారన వరసగా నిలబడ్డారు. సీట్లలో ఉన్నవాళ్ళు అతని వైపు తిరిగి వింటూనే, మధ్యమధ్య వెనక్కి చెయ్యి చాపి మౌస్ కదుపుకుంటున్నారు. బల్ల మీద వాచీ ఉంది.

"పెద్దక్కా, ఇక్కడ అందరికంటే పాతవారు మీరే. మీ మాటంటే గౌరవం అందరికీ. ఇలాంటి దొంగపనులు చేస్తే గతేమవుతుందో వీళ్ళకి మీరు చెప్తే బాగుంటుంది" అన్నాడు.

పెద్దక్క లేచింది. కుర్చీ వెనక్కి నెట్టింది.

"ఆ వాచీ నాది సార్."

మౌస్‌ల మీదికి చాపిన చేతులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

"దాని మీద మౌస్ పెట్టడం నేర్పింది నేనే. నిన్న కీ ఇవ్వకుండా తెచ్చిందీ నేనే. అందుకే ఆగిపోయింది. ఆ పిల్ల తన చేతిలో పాడైందనుకుని, బాగుచేయించి ఇస్తానని నన్ను బతిమాలింది సార్." బల్ల మీది వాచీని చూపించింది. "బాత్రూమ్‌కి వెళ్ళడం దొంగపని ఎలా అవుతుంది? ఆమెని పిలిపించండి."

లీడరు దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "నేనేం వినలేదు. మీరేం అనలేదు. పైవాళ్ళ చెవిన పడితే మీతో పాటు నేనూ పోతాను. ఇంట్లో ఆయన పరిస్థితి నాకు తెలుసు కదా, ఎందుకొచ్చిన గొడవ చెప్పండి. ముందు ఆ మౌస్ కదపండి, మీ తెర పడుకోబోతోంది."

పెద్దక్క తిరిగి చూసింది. తెర వెలుగు అప్పటికే సగానికి తగ్గింది. అలవాటుకొద్దీ చెయ్యి దాని వైపు వెళ్ళింది. ఆ చేతిని వెనక్కి లాక్కుని, రెండు చేతులూ కట్టుకుంది.

"పడుకోనివ్వండి సార్" అంది.

తెర నల్లబడింది. పక్క సీటు మనిషి తన మౌస్ మీద చెయ్యి పెట్టి, కదపాలో వద్దో తేల్చుకోలేక, ఆమె మొహంలోకి చూస్తున్నాడు.