పెద్ద టీవీలో జారిన ఫోటో

చేవెళ్లలో ఫ్లెక్సీ కొట్టు నడిపే కాశీనాథ్‌కు ఒక్క విషయంలో మాత్రం ఎవరూ వంక పెట్టలేరు. ఎవరి ఫోటో ఎక్కడ ఉండాలో, ఎంత ఉండాలో అతనికి కొట్టిన పిండి. నాయకుడి తల కన్నా కార్యకర్త తల అంగుళం పెద్దదైతే కొట్టుకు చచ్చే ఊళ్లలో, పదిహేనేళ్లుగా ఏ గొడవా లేకుండా నెట్టుకొస్తున్నాడంటే మాటలు కాదు. అలాంటి మనిషి చేతిలోనే రుక్మిణమ్మ ఫోటో జారిపోయింది.

సంగతేమిటంటే, అతని సొంతూరు, మొయినాబాద్ పక్కనున్న హిమాయత్‌నగర్‌లో అందరూ కలిసి ఊరి చరిత్రకు ఒక వికీ పేజీ పెట్టుకున్నారు. ఎవరికి తెలిసింది వాళ్లు రాయొచ్చు, తప్పుంటే ఇంకొకరు దిద్దొచ్చు. అందరి పని కాబట్టి మామూలుగానే ఒక్కడి మీద పడింది, ఆ ఒక్కడూ కాశీనాథే. చరిత్రలో చాలా మటుకు రుక్మిణమ్మ నోటి నుంచి వచ్చిందే. రెండుసార్లు సర్పంచ్‌గా చేసిన ఆ పెద్దావిడ, ఆరు నెలల పాటు ప్రతి ఆదివారం అతన్ని కూర్చోబెట్టి, ఏ బోరు ఎప్పుడు పడిందో, రోడ్డు కోసం ఎవరి కాళ్లు పట్టుకుందో, ఎవరి గల్లా పట్టుకుందో పూసగుచ్చినట్టు చెప్పింది. ఆవిడ మాటలు తీసేస్తే ఆ పేజీలో మిగిలేది పిన్‌కోడ్ ఒక్కటే.

కాశీనాథ్ తన చిన్న ల్యాప్‌టాప్‌లో పేజీని ముచ్చటగా సర్దాడు. రుక్మిణమ్మ గురించి రాసిన భాగంలో కుడివైపు ఆమె ఫోటో పెట్టాడు. సన్మానం నాటిది, మెడలో చామంతుల దండ కూడా ఉంది. దాని కింద ‘మనల్ని విడిచిపోయిన పెద్దలు’ అనే భాగం, అందులో ఎడమవైపు మొదటి ఫోటో ఆమె భర్త సత్తయ్యది. రెండు భాగాలకూ నడుమ ఎడం ఉండాలని నాలుగుసార్లు ఎంటర్ నొక్కి, పని అయిపోయిందనుకున్నాడు.

ఆదివారం పేజీని ఊరికి అప్పగించే కార్యక్రమం. శనివారం మధ్యాహ్నం పంచాయతీ ఆఫీసులో పెద్ద టీవీకి కలిపి ఒకసారి చూపించాడు. ముందు కుర్చీలో రుక్మిణమ్మ, పక్కన ఆమె తోటికోడలు అంతమ్మ. పేజీ కిందికి జరుగుతూ జరుగుతూ, ‘మనల్ని విడిచిపోయిన పెద్దలు’ అన్న అక్షరాల పక్కనే, దండతో సహా, రుక్మిణమ్మ చిరునవ్వు ప్రత్యక్షమైంది. అంతమ్మ అలవాటు కొద్దీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ముక్కు చీదింది. ఆ మనిషి పక్క కుర్చీలో నిక్షేపంగా ఉందని గుర్తొచ్చేసరికి జరగాల్సింది జరిగిపోయింది. వెనక వరుసలో నవ్వు ఆగలేదు.

రుక్మిణమ్మ మాత్రం నవ్వలేదు.

“బతికుండంగనే దండేసి ఆడ నిలవెడ్తివి గద బిడ్డా. నా ఫోటో, నేను చెప్పిన ముచ్చట్లు అన్ని తీసెయ్యి,” అని లేచి వెళ్లిపోయింది.

కాశీనాథ్‌కు తల కొట్టేసినట్టయింది. ఫ్లెక్సీలో ఇలా ఎన్నడూ జరగదు. చిన్న తెర మీద చేసినదాన్ని ఇరవై అడుగులకు పెంచినా అన్నీ కలిసే పెరుగుతాయి, ఎవరి చోటు వాళ్లదే. ఆ ధీమాతోనే టీవీలో ముందుగా చూసుకోలేదు. ఇప్పుడు ఇంకో పది ఎంటర్లు కొడితే టీవీలో సరిపోయింది గానీ, ల్యాప్‌టాప్‌లో నడుమ ఎకరం బీడు మిగిలింది. అవి తీసేస్తే రుక్మిణమ్మ మళ్లీ పోయినవాళ్లలో చేరిపోతోంది.

చివరికి మొయినాబాద్‌లో ఇంజనీరింగ్ చదువుతున్న మేనకోడలు అక్షితకు ఫోన్ చేశాడు. ఆ పిల్ల కడుపుబ్బ నవ్వుకుని, ఆ తర్వాత అసలు సంగతి విప్పి చెప్పింది. వికీలో ఫోటోను కుడికి పెట్టడమంటే అంటించడం కాదు, తేలనివ్వడం. రాత దాని పక్క నుంచి సాగుతుంది. తెర వెడల్పయితే పది వరుసల రాత మూడు వరుసలకు దిగుతుంది, ఫోటో మాత్రం ఎంత పొడుగో అంతే ఉంటుంది. ఇంకేం, కింది భాగం పైకి జరిగి దాని పక్కన చేరుతుంది.

“ఎంటర్లతోని ఆగదు మామా. ఆ భాగం ఆఖర్ల, రెండేసి వంకర బ్రాకెట్ల నడుమ క్లియర్ అని రాయి. ఫోటో అయిపోయినంకనే కిందిది మొదలైతది.”

ఒక్క మాట రాశాడు. తెర వెడల్పు చేసి చూశాడు, ఇరుకు చేసి చూశాడు. రుక్మిణమ్మ తన భాగం దాటి వేలెడు కూడా దిగలేదు. పొద్దు వాలక ముందే ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని ఆమె ఇంటికి వెళ్లాడు. తీసెయ్యమన్నది మాత్రం ఇంకా తీసెయ్యలేదు.

ఆమె వాకిట్లో కందులు చెరుగుతోంది, తలెత్తలేదు. కాశీనాథ్ ఫోటో తేలడం గురించి, రాత జరగడం గురించి తనకు అర్థమైనంత చెప్పుకొచ్చాడు. ఊళ్లో ఎవరింట్లో దావత్ అయినా వడ్డన పెత్తనం ఆమెదే. చేట ఆగింది.

“అంటే ఈ బంతి లెవ్వకముందే ఆ బంతిని కూసోవెట్టినవన్నట్టు,” అంది.

అచ్చం అదేనని అతను ఒప్పుకున్నాడు. ఇప్పుడు తిన్నవాళ్లు లేచేదాకా ఎవరూ కూర్చోకుండా కట్టుదిట్టం చేశానని చూపించాడు. ఆమె చేతులు తుడుచుకుని దగ్గరికి జరిగింది. మధ్యాహ్నం టీవీలో ఎట్లా ఉండెనో మళ్లీ అట్లనే చూపించమంది. కాశీనాథ్ ‘క్లియర్’ అన్న మాట తీసేసి, పెద్ద తెరలో లాగే కనిపించేలా జూమ్ తగ్గించి పేజీని చిన్నది చేశాడు. కుడివైపు దండతో ఆమె, ఎడమవైపు సత్తయ్య కనిపించారు. ఆమె చాలాసేపు చూసింది.

“నలభై ఏండ్ల కాపురం బిడ్డా. ఇద్దరం కలిసి ఒక్క ఫోటో దిగలే. కోపంల లేసొచ్చిన గని, అప్పటిసంది ఇదే కండ్లల్ల మెదులుతున్నది.”

కాశీనాథ్ సత్తయ్య ఫోటోను తెచ్చి ఆమె భాగంలోనే ఎడమవైపు తేలనిచ్చాడు, కుడివైపు ఆమె ఎట్లాగూ ఉంది. రాత వచ్చి ఇద్దరి నడుమా సర్దుకుంది. కింద అడ్డుకట్ట మళ్లీ వేసి, సేవ్ నొక్కి, తెర ఆమె వైపు తిప్పాడు.

నడుమ ఉన్న ఆ రాతంతా ఎవరిదని ఆమె అడిగింది. రోడ్డు కోసం కొట్లాడిన ముచ్చట, నువ్వు చెప్పిందేనన్నాడు.

“అట్లయితే ఉండనియ్యి,” అంది రుక్మిణమ్మ, నవ్వుతూనే కళ్లు ఒత్తుకుంటూ. “బతికున్నన్ని దినాలు నా మాట సగంల ఉండంగనే లేసి పోయెటోడు. ఇప్పుడు ఆఖరిదాక ఇంటడు.”