రెండు రింగులకి బియ్యం

రెండు రింగులిచ్చి కట్ చేస్తే జీడిమెట్ల ఫ్యాక్టరీలో బండి తీసినట్టు లెక్క, కొంపల్లిలో నేను కుక్కర్ పెట్టాలి. ఒక్క రింగైతే టీ. మా ఆయన బుల్లిబాబు సెల్‌ఫోన్ కొనిచ్చిన రోజే పెట్టిన పద్ధతిది. "ఎత్తకు, నాకు బిల్లు పడుద్ది" అన్నారు. ఎత్తలేదు. ఆఫీసులో ప్యూన్ని పిలిచినట్టు గంట కొట్టడం, నేను లేవడం. సిగ్గేసేది. అయినా లేచేదాన్ని.

అలా అలవాటు పడ్డదానికి, ఓ మధ్యాహ్నం ప్లస్ గుర్తున్న పొడుగాటి నంబరు నుంచి రింగొచ్చి ఆగిపోతే ఊరుకోబుద్ధవుతుందా? ఎవరికేం అవసరమో పాపం అని తిరిగి చేశాను. అవతల ఎవరూ లేరు. నా "హలో"యే కాస్త ఆలస్యంగా తిరిగొచ్చింది. పెట్టేయబోయి, ఎందుకో, "ఇవాళ నడుం పట్టేసిందండీ" అన్నాను. అదీ తిరిగొచ్చింది. పెళ్ళయ్యాక నా మాట ఒకటి చివరిదాకా వినపడటం అదే మొదలు.

ఇంక రోజూ చేశాను. అత్తగారి ఎత్తిపొడుపులు, మాన్పించేసిన టీచరుద్యోగం, అన్నీ చెప్పుకున్నాను. ఓ రోజు అలిసిపోయి ఆగితే, నేను అనని మాట నా గొంతుతోనే వచ్చింది.

"నువ్వు తిన్నావా, నాగమణీ?"

అంట్లు తోముతున్న పనిమనిషి శివమ్మ తలెత్తి చూసింది. "గదేందమ్మా, ఫోన్ల గూడ నీ గొంతే ఇనబడ్తాంది?"

బిల్లొచ్చింది. ఆయన వీరంగం వేశారు. కంపెనీవాళ్ళని అడిగితే, అదో మోసం నంబరట. రింగిచ్చి ఆపేస్తారట, తిరిగి చేసినవాళ్ళ దగ్గర నిమిషాల లెక్కన గుంజుతారట. అవతల అసలు మనిషే ఉండడట. ఆయన నమ్మక, స్పీకర్ పెట్టి చేశారు. "ఎవడ్రా నువ్వు?" అని అరిచారు. ఆ అరుపు మాత్రం తిరిగి రాలేదు.

"అవతల ఎవరూ లేకపోతే, బుద్ధిలేనిదానా, అంతంతసేపు ఎట్టా మాట్లాడావే?"

"మీతో మాట్లాడీ మాట్లాడీ అలవాటైందండీ."

ఆయన నా ఫోన్‌కి ఫారిన్ కాల్స్ తీయించేశారు.

మర్నాడు సాయంత్రం రెండు రింగులు వచ్చాయి. నేను బియ్యం కడగలేదు. ఫోన్ స్విచ్చాఫ్ చేసి, పొద్దుటి అన్నం, దోసకాయ పప్పు కంచంలో పెట్టుకుని తీరిగ్గా కూర్చున్నాను. మొదటి ముద్ద కలుపుతుంటే, ఆపేసిన ఫోన్లోంచి నా గొంతే ఆపేక్షగా అడిగింది.

"ఏం కూర?"