ఓట్ల వరసలో ఏలియా

ఈ ఊళ్లో సినిమా ఆడించడం కంటే పెళ్లి సంబంధం కుదర్చడం తేలిక అంటుంటాడు సాల్మన్ రాజు. పెళ్లికి ఇరువైపుల వాళ్లూ ఒప్పుకుంటే చాలు. సినిమాకు పై బజారూ కింది బజారూ రెండూ ఒప్పుకోవాలి, ఒప్పుకున్నాక రెండున్నర గంటలు ఒకరి పక్కన ఒకరు నోరు మూసుకుని కూర్చోవాలి.

పిడుగురాళ్ల సున్నపు బట్టీలకు కూతవేటు దూరంలో ఉన్న ఊరది. పోస్టుమాస్టరుగా రిటైరైన సాల్మన్ రాజు మరో నలుగురితో కలిసి వాడకం లేని పత్తి గోడౌనును ఊడ్చి, తెర కట్టి, నెలకో ఆదివారం సినిమా వేయడం మొదలుపెట్టి ఆరేళ్లయింది. టిక్కెట్టు లేదు, జీతాలు లేవు. సినిమా తెప్పించే పని అతనిది. కంపెనీలకు ఉత్తరాలు రాయాలి, ఫోన్లు చేయాలి, బతిమాలాలి, షరతుల కాగితాల మీద సంతకాలు పెట్టాలి. అప్పుడు కొరియరులో సినిమా దాచిన అరచేతంత పెట్టె వస్తుంది, ఫోనుకు పాస్‌వర్డు వస్తుంది. కంపెనీ చెప్పిన వేళల్లోనే ఆ పాస్‌వర్డు పనిచేస్తుంది. వేళ దాటితే ఆ పెట్టె వట్టి ఇనప డబ్బా.

ఇక వడపోత సంగతి. గత ఎన్నికలప్పుడు పోలింగు బూతు దగ్గర రెండు బజార్లూ కర్రలెత్తి కొట్టుకున్నాయి. ఒకడికి కాలు పోయింది, ఇద్దరు ఇంకా వాయిదాలకు తిరుగుతున్నారు. ఆ తర్వాత సినిమా సాగాలంటే ఒక కట్టుబాటు పెట్టుకోక తప్పలేదు. ఆట ఉన్న రోజు మధ్యాహ్నం పై బజారు నుంచి గోపాలకృష్ణయ్య, కింది బజారు నుంచి వెంకటప్పయ్య వచ్చి ముందుగా సినిమా చూస్తారు. గొడవ పుట్టించే ముక్క వస్తే ఎవరో ఒకరు చెయ్యెత్తుతారు. సాల్మన్ రాజు నిమిషం రాసుకుంటాడు, సాయంత్రం ఆటలో ఆ ముక్క దాటేస్తారు. సినిమాను కోయకూడదని కంపెనీ షరతు గానీ, దాటేయకూడదని ఎక్కడా రాయలేదు. తన సినిమా దగ్గర ఒక్క రాయి కూడా పడలేదని సాల్మన్ రాజు చర్చిలోనూ టీ కొట్టు దగ్గరా చెప్పుకుని మురిసేవాడు. మనిషికి మురిపెం ముదిరితే ఏం చేస్తాడో అతనికి తెలియదు పాపం.

బట్టీలో పనిచేసే రూతమ్మ పోయిన ఏడాది అతని గుమ్మం ముందుకొచ్చి నిలబడింది.

"అన్నా, మా ఏలియా యాక్టు చేసిన సినిమా తెప్పిస్తావా?"

యాక్టు అంటే పెద్దదేమీ కాదు. నాలుగేళ్ల కింద ఎవరో సినిమావాళ్లు పక్క క్వారీ దగ్గర షూటింగు పెట్టుకుని, జనం కోసం కూలీలను పిలిచారు. ఏలియా ఒక పూట నిలబడి, బిర్యానీ తిని వచ్చాడు. ఆ సంవత్సరమే క్వారీలో గట్టు విరిగి మీద పడింది. ఫోను కూడా వాడితోపాటే నలిగిపోయింది. ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి. తల్లి దగ్గర మిగిలింది ఆధార్ కార్డు ఒక్కటే.

"ఆ కార్డులో వాడు వాడిలాగుండడన్నా. ఎవురో దొంగని పట్టుకొచ్చి దింపినట్టుంటది. ఒక్కసారి నా బిడ్డ కదులుతుంటే చూసుకుంటా."

ఆ సినిమా హాళ్లలో నాలుగు రోజులు కూడా ఆడలేదు. ఫోనుల్లో లేదు, టీవీల్లో రాలేదు. తీసిన కంపెనీ మూతపడి, సరుకు ఇంకొకరి చేతికి పోయింది. సాల్మన్ రాజు ఎనిమిది నెలలు వెంటపడ్డాడు. చివరికి ఎవరో కరుణించి, ఒక్క రోజుకు మాత్రం ఇచ్చారు. మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి తొమ్మిదిలోపు తెరవాలి. ఆ తర్వాత పెట్టె తిరిగి పంపేయాలి, మళ్లీ అడగొద్దు, సినిమాను వేరే ఎవరికో అమ్మేస్తున్నామని కూడా రాశారు.

ఆదివారం మధ్యాహ్నం వడపోతకు కూర్చున్నారు. మిషను నడిపే ఫ్రాన్సిస్ బొమ్మ వేశాడు. గంట గడిచాక తెర మీద బడి, బడి ముందు ఓట్ల వరస. ఆ వరసలో నీలం చొక్కా, మోచేతుల దాకా మడత. ఏలియా! ముందు నిలబడ్డవాడితో ఏదో అని, తల వంచి నవ్వాడు. నాలుగు క్షణాలు ఉంటాయేమో. ఆ వెంటనే కర్రలు లేచాయి.

పెద్దలిద్దరి చేతులూ ఒక్కసారే లేచాయి. ఆ ఇద్దరూ ఒక మాట మీద నిలబడటం ఊరు ఎరగని వింత.

"ఇది మన మీదే తీశార్రా!" అన్నాడు వెంకటప్పయ్య.

"మన గొడవకు ముందే తీసిందండీ ఇది," అన్నాడు సాల్మన్ రాజు. "కర్రలు దాటేద్దాం. వరస మాత్రం ఉంచండి. అందులో రూతమ్మ కొడుకున్నాడు."

"వరస చూస్తేనే మావోళ్లకు రక్తం ఉడుకుద్ది," అన్నాడు గోపాలకృష్ణయ్య. "బడి కనపడిన కాడ్నుంచి తీసెయ్. చచ్చినోడి కోసం బతికున్నోళ్లను చంపుతావా ఏంది?"

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటే ఇదే. కాదని ఇంకొక్క మాట అని ఉండొచ్చు సాల్మన్ రాజు. అనలేదు. ఆరేళ్ల మంచిపేరు అడ్డం పడింది. అప్పటికప్పుడు రూతమ్మను పిలిపిద్దామంటే ఆమె బట్టీలో ఉంది, నిప్పు మీద ఉన్న బట్టీకి ఆదివారం ఉండదు. ఫోనెత్తి ఆ నాలుగు క్షణాలు తీసుకుందామనీ అనిపించింది. తెర ముందు ఫోను ఎత్తనివ్వనని కంపెనీకి సంతకం పెట్టిన మనిషి, ఎత్తిన చెయ్యి దించేసుకున్నాడు. ఆట ఎనిమిదిన్నరకు అయిపోతుంది, జనం వెళ్లాక అరగంట ఉంటుంది, ఆమె ఒక్కదానికే తీరిగ్గా పదిసార్లు చూపిద్దాం అని మనసుకు సర్దిచెప్పుకున్నాడు. ఆ మాట ముందుగా ఆమె చెవిన వేస్తే సరిపోయేది. వేస్తే, ఎందుకు దాటేస్తున్నావని నలుగురిలో అడుగుతుందేమోనని భయపడ్డాడు. పిరికివాడికి సాకులకేం తక్కువ!

సాయంత్రం అయిదింటికే రూతమ్మ తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని వచ్చి ముందు చాప మీద కూర్చుంది. బట్టీ ఆడవాళ్లందరినీ వెంటబెట్టుకొచ్చింది. ఆరింటికి ఆట మొదలైంది. పది నిమిషాలకే కరెంటు పోయింది. వచ్చేసరికి ఏడు. ఓట్ల వరస రావలసిన చోట ఫ్రాన్సిస్ వేలు నొక్కాడు, బొమ్మ ఆసుపత్రిలోకి దూకింది. ఎవరూ గమనించలేదు. రూతమ్మ మాత్రం తెర మీద కదిలే ప్రతి మొహాన్నీ వెతుక్కుంటూనే ఉంది.

ఆట అయ్యేసరికి తొమ్మిది దాటి ఇరవై నిమిషాలు. తొమ్మిదికి ముందే తెరిచిన బొమ్మ కాబట్టి మధ్యలో ఆగలేదు గానీ, అయిపోగానే పెట్టె దానంతటదే మూసుకుంది. సాల్మన్ రాజు మళ్లీ పాస్‌వర్డు కొట్టాడు. చెల్లదంది. ఇంకోసారి కొట్టాడు. చెల్లదంది. కంపెనీకి ఫోను చేస్తే ఎవరూ ఎత్తలేదు.

"అయిపోయినట్టే అంకుల్," అన్నాడు ఫ్రాన్సిస్.

అవతల రూతమ్మ కనపడినవాళ్లనల్లా అడుగుతోంది. "మావోడు ఏడొచ్చాడే? నువ్వు చూశావా?" మొదట ఒకరిద్దరు తల అడ్డంగా ఊపారు. ఆమె మొహం చూడలేక బట్టీలో తోటి కూలి సుశీల అనేసింది. "వచ్చాడుగా వదినా, చూశాం." అంతే, మిగతా ఆడవాళ్లూ అందుకున్నారు. వచ్చాడు, బాగున్నాడు, హీరోలాగున్నాడు అన్నారు. జాలితోనే అన్నారు, కానీ ఆ జాలి ఎంత పని చేసిందో వాళ్లకు తెలియదు.

రూతమ్మ మిషను దగ్గరికొచ్చింది.

"అందరికీ కనపడ్డాడంటన్నా. నాకే కనపళ్లేదు. నువ్వు చూశావా?"

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. నేనే దాటేయించాను, పైకి చెప్పలేక దాచాను, ఇక ఎప్పటికీ చూపించలేను. ఈ మూడూ ఆమెతో ఎట్లా చెప్పాలి?

"చూశానమ్మా," అన్నాడు.

"ఏ చొక్కా ఏసుకున్నాడు?"

"నీలం చొక్కా. చేతులు మడిచాడు. ముందున్నోడితో ఏదో అని నవ్వాడు."

"నీలమే! నరసరావుపేటలో నేనే కొన్నా." మొహం ఒక్కసారి వెలిగింది, అంతలోనే ఆరిపోయింది. "అయితే నిజంగానే వచ్చాడన్నమాట. అందరి ముందుకూ వచ్చి నవ్విపోయాడు, నేనే పోల్చుకోలేకపోయా. కన్నబిడ్డను గుర్తుపట్టని కళ్లు ఎందుకన్నా నాకు?"

రెండు అరచేతులతో కళ్ల మీద టపటపా కొట్టుకోవడం మొదలుపెట్టింది. సాల్మన్ రాజు ఆ చేతులు రెండూ గట్టిగా పట్టుకున్నాడు. సున్నానికి పగిలిన ఆ చేతులను ఎంతసేపు పట్టుకున్నాడో అతనికి తెలియదు. నీ కళ్ల తప్పేం లేదమ్మా అన్న ఒక్క మాట మాత్రం అతని నోటి నుంచి రాలేదు.