మూడో స్థానంలోని డబ్బా

ఇరవై లీటర్ల పసుపుపచ్చ ప్లాస్టిక్ డబ్బాకు మనిషికున్న హక్కులన్నీ ఉన్నాయనీ, మనిషికి లేనివి మరికొన్ని అదనంగా ఉన్నాయనీ సర్వజనులకూ ఇందుమూలంగా తెలియజేస్తున్నాను. ముప్పయ్యేళ్ళు నైరోబీ కోర్టు బయట గొడుగు కింద కూర్చుని అర్జీలు టైపు చేసినవాణ్ణి గనుక, హక్కుల సంగతి నాకు కొంత తెలుసు.

మా లోయ బస్తీలోని కుళాయికి మంగళవారం, శుక్రవారం మాత్రమే నీళ్ళొస్తాయి. ఆ రెండు రోజులూ తెల్లవారేసరికి నెకెసా వాళ్ళమ్మ కాపలా కాసే ఆ కుళాయి ముందు ఖాళీ డబ్బాలు బారులు తీరి ఉంటాయి. మనిషి పనికి పోవచ్చు, నిద్రపోవచ్చు, చచ్చిపోనూవచ్చు. డబ్బా నిలబడి ఉన్నంతసేపూ అతని వంతు చెక్కుచెదరదు. పరుల డబ్బాను ముట్టుకోవడం ఆ మనిషి మీద చెయ్యి వేయడంతో సమానం. పోయిన వానాకాలంలో ఈ శాసనాన్ని తేలిగ్గా తీసుకున్న న్యవాడే అనే కుర్రాణ్ణి కుళాయి పక్కనే పొడిచి చంపారు. మరక మీద బూడిద చల్లి, డబ్బాలను ఒక అడుగు పక్కకు జరిపి, మేం నీళ్ళు పట్టుకున్నాం.

పనిలేని కుర్రాళ్ళకు ఈ శాసనమే జీవనాధారం. ముందు వరుసలో డబ్బా పెట్టి, ఎండెక్కాక తీరిగ్గా వచ్చేవాళ్ళకు ఆ వంతు అమ్ముకుంటారు. నా దగ్గరే పెరిగిన చెల్లెలి కొడుకు ఒవిటిది ఆ వృత్తే. ఎగువ సందులోని ఏడుగురిదీ అదే వృత్తి. కాకపోతే వాళ్ళు ఒక విరిగిన బెంచీ మీద ఆసీనులై, దానికి సెనేట్ అని నామకరణం చేసుకున్నారు. దాని అధిపతి ముసెంబిని లోకం గవర్నర్ అని పిలుస్తుంది. అతడూ మా ఒవిటీ ఎనిమిదో తరగతి దాకా పక్కపక్కన కూర్చుని చదివారు.

ఆ శుక్రవారం ఉదయం ఒవిటి కట్టడం పని కోసం పోయి, గేటు దగ్గరే తిప్పి పంపేస్తే తిరిగొచ్చాడు. ఎర్రగుడ్డ కట్టిన వాడి డబ్బా మూడో స్థానంలో లేదు. ఇరవై తొమ్మిదిలో ఉంది. మూడో స్థానంలో పచ్చగుడ్డ కట్టిన డబ్బా ఉంది.

“ఎవరు జరిపారు?” అన్నాడు వాడు.

“ఇరవై తొమ్మిదైనా నీళ్ళేగా నాయనా వచ్చేది. పోయి నిలబడు,” అంది నెకెసా వాళ్ళమ్మ, వాడి మొహం చూడకుండా.

“ఇరవై తొమ్మిదో వంతు ఎవడు కొంటాడమ్మా? నిన్నట్నించీ పొయ్యి వెలగలేదు మా ఇంట్లో.”

అలా అని పచ్చగుడ్డ డబ్బాను ఒక్క తన్ను తన్నాడు. అది వాలు వెంట డబడబా దొర్లుకుంటూ పోయి మురుగుకాలువలో పడింది.

అది గవర్నర్ డబ్బా అని అక్కడున్నవాళ్ళందరికీ తెలుసు. ఆడవాళ్ళు పిల్లల్ని చంకనేసుకున్నారు. చపాతీలమ్మే మనిషి కాలుతున్న పెనాన్ని అలాగే వదిలేసి వెళ్ళిపోయింది. ఎదురుగా ఉన్న నా గదిలోకి ఒవిటి దూరాడు. నేను తలుపు వేశాను. గడియ అంటే ఒక వంచిన మేకు. రేకు గోడ పొడవునా ఏదో ఇనుము గీసుకుంటూ వచ్చి, సరిగ్గా తలుపు దగ్గర ఆగింది.

“పెద్దాయనా, తలుపు తియ్యి. తియ్యకపోయినా ఏం లేదు, రేకేగా, కోసుకుంటాం.”

నా జన్మలో కొన్ని వేల అర్జీలు రాశాను. “మహాప్రభూ” అనే సంబోధన దాటి ఆ క్షణాన ఒక్క మాటా తోచలేదు. మేకు తీశాను.

గవర్నర్ చేతిలో గడ్డి కోసే పొడుగాటి కత్తి ఉంది. ప్యాంటు మోకాళ్ళ దాకా సిమెంటు దుమ్ము. ఒవిటి ప్యాంటుకున్నదీ అదే దుమ్ము. ఇద్దరూ ఒకే గేటు ముందు నిలబడి వచ్చారన్నమాట.

“జరిపింది నువ్వేనా?” అన్నాడు ఒవిటి.

“నేనే. జరిపితే వచ్చి అడగాలిరా. నలుగురిలో తంతావా? ఇవాళ ఊరుకుంటే రేపు పక్కింటి కోడి కూడా తంతుంది నా డబ్బాని.”

“గేటు దగ్గర నిన్నూ పొమ్మన్నారు కదరా పొద్దున. నేను చూశాలే.”

అనవలసిన మాట కాదది. గవర్నర్ మొహంలో రక్తం ఇంకిపోయింది. ఒవిటిని బయటికి ఈడ్చి, వాడి కుడిచేతిని గుమ్మం పక్కనున్న నా టైపు బల్ల మీద పరిచి, మణికట్టు మీద కత్తి అంచు ఆనించాడు.

“తన్నింది కాలు కదా అన్నా,” అన్నాడు సెనేట్ సభ్యుడొకడు.

“కాలు తీస్తే పనికెలా పోతాడ్రా?”

“చెయ్యి తీస్తే పోతాడా?”

“నోరు ముయ్యి.” గవర్నర్ నా వైపు తిరిగాడు. “పెద్దాయనా, కాలువలోకి దిగి నా డబ్బా తెచ్చి దాని చోట పెట్టు. వంద లెక్కపెడతా. లెక్కల్లో వీడికంటే నాకే ఎక్కువ మార్కులు, తెలుసుగా.”

మురుగు తొడల దాకా వచ్చింది. వెనక అంకెలు నిదానంగా, బడిలో ఒప్పజెప్పినట్టు వినబడుతున్నాయి. యాభై రెండు. యాభై మూడు. డబ్బా రెండుసార్లు చేతికి అంది జారిపోయింది. మూడోసారి దాన్ని గుండెలకు అదుముకుని పైకి పాకాను. ఎనభై. మోకాలు చీరుకుపోయింది. ఎనభై ఎనిమిది. ఒవిటి ఒక్కసారి “మామా” అన్నాడు, చిన్నప్పుడు జ్వరమొస్తే పిలిచినట్టు.

తొంభై ఆరు దగ్గర డబ్బాను మూడో స్థానంలో నిలబెట్టాను.

అంకెలు ఆగాయి. కత్తి లేచింది. వాడి మణికట్టు మీద దారమంత ఎర్రటి గీత మిగిలింది. సెనేట్ సభ్యులూ, ఇళ్ళలోంచి తొంగిచూస్తున్న జనమూ జెండా వందనంలో నిలుచున్నట్టు కదలకుండా డబ్బా వైపే చూస్తున్నారు. గవర్నర్ వచ్చి, పచ్చగుడ్డను గౌరవంగా సర్ది, ముడి బిగించాడు.

కాళ్ళకు తడి తగిలితే కిందికి చూశాను. డబ్బాలోని మురుగంతా నెమ్మదిగా బయటికి కారిపోతోంది. దాని అడుగున నా బొటనవేలు పట్టేంత పాత చిల్లు ఉంది.