ఎడమ తలుపులోని కంపెనీ స్పీకరు

నేను ఒక కారు స్పీకర్ని. కారుతోపాటే వచ్చినదాన్ని, అంటే జనం భాషలో కంపెనీ స్పీకర్ని. ముఖం నల్లటి అట్టకాగితం, వెనక చిన్న అయస్కాంతం, మధ్యలో సన్నటి రాగితీగ చుట్ట. ఇంతే నా శరీరం. చెన్నై దగ్గర ఒక ఫ్యాక్టరీలో నన్ను తయారుచేసినప్పుడు ఒకాయన నేను పలికేది వినకుండానే, మీటరు ముల్లు చూసి పాస్ చేసేశాడు. అప్పుడు చిన్నతనంగా అనిపించింది. తర్వాత చెవులున్నవాళ్ళ తీర్పులు విన్నాక ఆ ముల్లే నయమనుకున్నాను.

నన్ను ఎడమవైపు ముందు తలుపులోనూ, నా కవలని కుడివైపు తలుపులోనూ బిగించారు. ఆ కారుని ఏలూరులో గోవర్ధనరావు, హైమవతి దంపతులు కొన్నారు. ఆయన ఎరువుల కంపెనీలో సేల్స్ ఆఫీసరు. ఆవిడ ఇల్లు చూసుకుంటుంది.

దారిలో దుమ్ము పడకుండా కొత్త కారు సీట్లకీ తలుపులకీ ప్లాస్టిక్ కవరు అంటించి పంపుతారు. షోరూములో ఒకతను దాన్ని చింపబోయేసరికి హైమవతి అడ్డం పడింది.

"ఆగండాగండి! అప్పుడే తీసేస్తారేంటి? ఏడాదన్నా నిండనివ్వండి."

ఆ వీధిలో అందరిదీ అదే పద్ధతి. ఎదురింటి ఫ్రిజ్జు కొన్న ఏడాది పుట్టిన పిల్ల బడికి వెళుతోంది, ఫ్రిజ్జు మాత్రం ఇంకా కవరులోనే ఉంది. మా తలుపు కవరు నా ముఖం మీదుగానే పోయేది. వాహన పూజ రోజున పూజారి గారు బొట్టు కూడా దాని మీదే పెట్టారు. ఆ కవరు వెనకనుంచే నా ఉద్యోగం మొదలైంది.

గోవర్ధనరావు కారులో పాత పాటలు వినేవాడు. అవన్నీ ఆయనకి కంఠతా వచ్చు. అందుకని నేను సగం పలికితే మిగతా సగం ఆయనే పూరించుకునేవాడు. ఎవరికీ ఏ లోటూ కనిపించలేదు.

చిక్కంతా హైమవతి పాటతో వచ్చింది. ఆవిడ పెళ్ళికి ముందు సంగీతం నేర్చుకుంది. తర్వాత పేరంటాల్లో పాడేది. అందరూ బాగుందనేవారు. అయితే శనగలు చేతిలో పెట్టుకుని బాగాలేదని ఎవరంటారు? ఆ అనుమానం ఆవిడకి ఎప్పుడూ ఉండేది. పిల్లలు చదువులకి హాస్టళ్ళలో చేరాక, విజయవాడ రేడియో స్టేషనులో లలిత సంగీతం ఆడిషన్‌కి దరఖాస్తు పెట్టింది. గురువారం రమ్మని పిలుపొచ్చింది. పక్షం రోజుల గడువుంది. ఒక పాట ఫోనులో రికార్డు చేసుకుని, భీమడోలులో పెళ్ళికి వెళుతూ కారులో పెట్టమంది. ఫోనులో ఎవరి గొంతైనా బాగానే ఉంటుందనీ, పెద్ద స్పీకర్లోనే నిజం బయటపడుతుందనీ ఆవిడ నమ్మకం.

నేను చేతనైనంతా చేశాను. పై స్వరాలన్నీ కవరుకి కొట్టుకుని నా మీదే పడుతున్నాయి. బయటికి వెళ్ళింది దుప్పటి కప్పుకుని ఎవరో పాడుతున్నట్టుంది.

"బొంగురుగా ఉంది కదండీ?" అంది హైమవతి.

గోవర్ధనరావు అవసరం లేకపోయినా గేరు మార్చాడు. "జలుబు చేసిందా నీకు?"

"లేదు."

"అయితే స్పీకర్లే. కంపెనీ స్పీకర్లంటే ఉత్త అట్టముక్కలు. మార్పించేద్దాం."

ఆయన స్పీకర్ల గురించి అంతకుముందు ఎప్పుడూ ఆలోచించలేదు. భార్య ముఖం చూసి, ఆ క్షణంలో నేరం మోపడానికి దగ్గరలో ఉన్నవాళ్ళ మీద మోపాడు. నాకు కోపం రాలేదు. కాపురాల్లో ఇలాంటివి ఎవరో ఒకరు మోయాలి.

ఆ గురువారానికి ముందొచ్చిన ఆదివారం బైపాస్ పక్కన బాజీ అనే అతని దుకాణానికి వెళ్ళాం. బాజీ మాటకారి. కొత్త స్పీకర్లు చేతిలో పెట్టి, "బరువు చూడండి సార్, బరువు!" అన్నాడు. గోవర్ధనరావు బరువు చూసి తల ఊపాడు. వినడం గురించి ఎవరూ ప్రస్తావించలేదు. బాజీ తలుపు విప్పబోతే హైమవతి దగ్గరికొచ్చింది.

"కవరు చింపకండి బాబూ."

"చింపకుండా ఎలా తీసేదమ్మా?"

"నెమ్మదిగా తీసి మళ్ళీ అంటించండి."

"ఇంట్లో సోఫాకి కూడా ఉందామ్మా కవరు?"

"ఉంది. ఏం?"

"ఏం లేదమ్మా," అని బాజీ నన్ను పెరికి, కొత్తవాణ్ణి బిగించి, కవరు యథాప్రకారం టేపుతో అంటించేశాడు. పాతవి వదిలేస్తారా అని అడిగితే, "మా కారువి కదా, మేమే తీసుకెళ్తాం," అంది హైమవతి. నన్నూ నా కవలనీ డిక్కీలో పడేశారు.

ముందు ఒక డప్పుల పాట పెట్టారు. సీట్లు అదిరాయి. డిక్కీలో నేనూ అదిరాను. గోవర్ధనరావు, "చూశావా! అదీ తేడా!" అన్నాడు. తర్వాత హైమవతి పాట పెట్టారు. దుప్పటి కప్పుకున్న గొంతే, ఈసారి ఇంకాస్త బలంగా వచ్చింది.

రైల్వే గేటు దగ్గర కారు ఆగింది.

"స్పీకర్లు బాగున్నాయండీ," అంది హైమవతి.

"ఆఁ, బాగున్నాయి."

"మరి ఇంక అనుకోడానికేముంది? గురువారం నేను రాను. మీరు సెలవు పెట్టకండి."

గోవర్ధనరావు ఆడిన అబద్ధం నేనే. ఇప్పుడు నేను తలుపులో లేను గనక ఆయన దగ్గర ఇంకో అబద్ధం లేదు.

ఇంట్లో ఏదైనా విరిగితే ఆయన సామానుపెట్టె ముందేసుకుని కూర్చుంటాడు. విరిగింది సామాను కాకపోయినా అంతే. సోమవారం సెలవు రోజు. పాత టీ పెట్టెకి గుండ్రంగా కంతలు కోసి, మమ్మల్ని బిగించి, మూలపడ్డ టేపురికార్డరు ఆంప్లిఫయరుతో ఫోనుకి కలిపితే, వంటింట్లో ఆవిడకి కాలక్షేపంగా ఉంటుందని పూనుకున్నాడు. స్క్రూడ్రైవరు జారి నా కవల ముఖానికి చిల్లు పడింది. నేను ఒక్కదాన్నే వంటింటి అలమారు మీదికెక్కాను. అప్పుడే మొదటిసారి నా ముఖానికి గాలి తగిలింది.

మంగళవారం పొద్దున హైమవతి గారెల పిండి కలుపుతూ ప్రవచనం వింటోంది. ప్రవచనం అయిపోయింది. ఫోను తనంతట తనే తర్వాతది అందుకుంది. ఆ తర్వాతది ఆవిడ పాట. ఆపుదామంటే రెండు చేతులూ మోచేతుల దాకా పిండి.

నేను పాడాను. అడ్డేమీ లేదు.

"ఎవరే ఆ పాడేది?" స్నానాల గదిలోంచి గోవర్ధనరావు కేకేశాడు. "ఆపకు, బాగుంది!"

హైమవతి చేతులు గాల్లో పెట్టుకుని నా వంకే చూస్తోంది.

"నేనేనండీ."

ఆయన తువ్వాలు చుట్టుకుని, తల మీద సబ్బు నురగతో వచ్చాడు. పాట అయ్యేదాకా ఇద్దరూ నిలబడ్డారు.

"ఇది ఆ అట్టముక్కేనా?"

"మీరు బిగించిందే కదా."

"అదే ఫోను, అదే పాట. మరి కారులో ఏమైంది?"

కారు దగ్గరికి వెళ్ళారు. నన్ను పెట్టెతో సహా తెచ్చి ఎడమ తలుపు పక్కన అరుగు మీద పెట్టారు. ఒకసారి నేను పాడాను, ఒకసారి కారు పాడింది. మళ్ళీ నేను, మళ్ళీ కారు. ఎదురింటావిడ కిటికీలోంచి, "వదినా, ఏంటి, కారుకి పరీక్షలా?" అంది. హైమవతి ఎడమ తలుపు వైపు తిరిగింది. వంగి, పాడుతున్న తలుపు మీద అరచెయ్యి ఆనించింది. కవరు ఆవిడ చేతి కింద బుర్రుమంటోంది.

తర్వాత గోళ్ళతో ఒక మూల పట్టుకుని సర్రున లాగేసింది.

"ఏడాది నిండలేదే," అన్నాడు గోవర్ధనరావు.

"మీరు నోరు మూసుకోండి."

నిజం చెప్పాలి. కవరు పోయాక నా స్థానంలో చేరినవాడు నాకన్నా బాగా పాడాడు. ఆవిడ ఊపిరి తీసుకున్న చప్పుడు కూడా వినిపించింది. బాజీ చెప్పిన బరువులో ఏదో ఉందన్నమాట. నేను ఒప్పుకున్నాను గానీ, నన్నెవరూ అడగలేదు.

గురువారం ఇద్దరూ విజయవాడ వెళ్ళారు. నేను వంటింట్లోనే ఉన్నాను. చీకటి పడ్డాక వచ్చారు. హైమవతి మంచినీళ్ళు తాగి, వాళ్ళక్కకి ఫోను చేసింది.

"లేదక్కా, తీసుకోలేదు. తాళం జారుతోందిట. మళ్ళీ దరఖాస్తు పెట్టుకోమన్నారు. ఆఁ? గొంతా? గొంతు బాగుందన్నారు. ముగ్గురు కూర్చున్నారే, ముగ్గురూ అన్నారు. అద్దం వెనక పెద్ద స్పీకర్లలో విని మరీ అన్నారు."

ఫోను పెట్టేశాక గోవర్ధనరావు అన్నాడు, "తప్పిన సంగతి ఇంత సంతోషంగా చెప్పినవాళ్ళని నేను చూడలేదు."

"తాళందేముందండీ, నేర్చుకోవచ్చు. గొంతు ఎక్కడికెళ్ళి నేర్చుకుంటాను?"

ఆయన కూర్చుని ఉల్లిపాయలు తరిగిపెట్టాడు.

ఇప్పుడు నా పని తెల్లారకుండానే మొదలవుతుంది. ఫోనులోంచి తంబూరా నాదమొస్తుంది, నేను దాన్ని పట్టుకుని ఉంటాను. ఎక్కడం దిగడం లేదు, ఒకటే మోత. హైమవతి పొయ్యి గట్టు మీద చేత్తో తాళం వేస్తూ పాడుతుంది. ఇవాళ చరణంలో మళ్ళీ చెయ్యి ముందు పడింది, గొంతు వెనక పడింది. ఆగి, "ఛ," అనుకుని, పాలు పొంగకుండా మంట తగ్గించి, మొదటినుంచి ఎత్తుకుంది.